మూడు మంచాల గురువారం

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి డిటెక్టివ్ బాలసరస్వతి పర్చూరుకి నాలుగు కిలోమీటర్ల అవతల ఒక మిరపకాయల కళ్లంలో కూర్చుని ఉంది. కోర్టు వాయిదా సోమవారం. మధ్యలో శనివారం ఒక్కటే పనిదినం.

అది 2005 ఫిబ్రవరి. కేసు ఆరేళ్ల నాటిది. 1998 నవంబరు పన్నెండు, గురువారం నాడు, పర్చూరులోని సుమిత్రా నర్సింగ్ హోంలో నాగజ్యోతి అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఆడపిల్లని కని, రెండు గంటల్లో రక్తస్రావంతో చనిపోయింది. తాను పది గంటల నుంచీ ఆసుపత్రిలోనే ఉన్నాననీ, పదింబావుకీ పదకొండుంబావుకీ వచ్చి చూశాననీ, తర్వాత రక్తం ఎక్కువైతే నర్సు తనకి కబురు చెయ్యలేదనీ డాక్టరు ముకుందరావు కేస్‌షీటులో రాశాడు. ఆ నర్సు పేరు చాంద్‌బీ. నిర్లక్ష్యంతో ఒక మనిషి ప్రాణం తీసిందని ఆమె మీద కేసు పెట్టారు. ఉద్యోగం పోయింది. పద్దెనిమిదేళ్లు పురుళ్లు పోసిన మనిషి ఇప్పుడు ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటోంది. డాక్టరు ఆ సమయంలో ఆసుపత్రిలో లేడన్నది మొదటిరోజు నుంచీ ఆమె చెబుతున్న మాట. దానికి సాక్ష్యం లేదు.

బాలసరస్వతికి యాభై నాలుగేళ్లు. గుంటూరులో పోలీసు శాఖలో వేలిముద్రలు చూస్తూ ఇరవై మూడేళ్లు గడిపి, ముందే పదవీ విరమణ తీసుకుని, బ్రాడీపేటలో చిన్న ఆఫీసు పెట్టుకుంది. చాంద్‌బీ తెచ్చిచ్చిన కాగితాల కట్టని వారం రోజులు చదివాక ఆమెకి ఒక్క సంగతి పట్టుబడింది. ఆ గురువారం పురిటి వార్డులో మూడు మంచాలున్నాయి, ముగ్గురు ఆడవాళ్లున్నారు. రెండో మంచం మీది నాగజ్యోతి చనిపోయింది. మూడో మంచం మీది శ్యామలని పోలీసులు అసలు అడగలేదు. ఒకటో మంచం మీది గురవమ్మ మాత్రం రెండు ముక్కల వాంగ్మూలం ఇచ్చింది. తాను నిద్రపోతున్నాననీ, ఏమీ తెలియదనీ. కింద బొటనవేలి ముద్ర.

ఆ గురవమ్మే ఇప్పుడు ఎదురుగా కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. ముప్పై ఒకటో ముప్పై రెండో ఏళ్లు. ఘాటుకి బాలసరస్వతి కళ్లు నీళ్లు కారుతుంటే, ఆమె లేచి వెళ్లి కుండలో నీళ్లు తెచ్చిచ్చింది.

బాలసరస్వతి ఆ వాంగ్మూలం నకలు చూపించింది. గురవమ్మ దాన్ని రెండుసార్లు పైకే చదివింది. చదవటం అయ్యాక కాగితం తిప్పి, వెనకవైపు, కలం అడిగి తీసుకుని, తన పేరు ఇంటిపేరుతో సహా రాసింది. ఏడో తరగతి దాకా చదివిందట. పెళ్లినాడు కూడా సంతకమే పెట్టిందట. వేలిముద్ర వెయ్యాల్సిన అవసరం తనకి ఏనాడూ రాలేదంది.

బాలసరస్వతి సంచిలోంచి సిరాదిమ్మ తీసింది. గురవమ్మ ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకుని, భూతద్దం పెట్టి నకలు పక్కన చూసింది. నకలు మసగ్గానే ఉన్నా రేఖల పోకడ తెలుస్తోంది. వాంగ్మూలం మీద ఉన్నది రేఖలు గుండ్రంగా చుట్టుకున్న సుడి. గురవమ్మ వేలి మీద ఉన్నది వంపుగా సాగే విల్లు. రెండూ ఒక మనిషివి కావు.

“మరి ఆ రోజు ఏం జరిగిందో నువ్వు చెప్పు గురవమ్మా. మొదటి నుంచీ చెప్పు. నాకు తొందరలేదు.”

తొందర చాలా ఉంది. కానీ పురుడు గురించి చెప్పే ఆడమనిషిని మధ్యలో ఆపితే అసలు సంగతి జారిపోతుందని ఆమెకి తెలుసు.

గురవమ్మకి ముందురోజు దీపాలు పెట్టేవేళ మగపిల్లవాడు పుట్టాడు. గురువారం తెల్లవారుతుండగా నాగజ్యోతిని ట్రాక్టర్లో తీసుకొచ్చారు. వెనక ట్రక్కులో గడ్డి పరిచి, పైన బొంత వేశారు. ఆ అమ్మాయి వస్తూనే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, నొప్పి తగ్గిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, ఇంకా ఎక్కువ నొప్పి వస్తుందా అని గురవమ్మని అడిగేది. గురవమ్మ రాదని అబద్ధం చెప్పేది. మూడో మంచం మీద శ్యామల. పురోహితుడు గురునాథం గారి కూతురు. మెత్తటి మనిషి. నొప్పి వస్తే అరవకుండా దిండంచు కొరుక్కునేది. వాళ్లమ్మ ఫ్లాస్కులో మిరియాల చారు తెచ్చి ముగ్గురికీ మూతలో పోసి ఇచ్చింది. ఎనిమా ఇవ్వటానికి ఆయా వచ్చినప్పుడు నాగజ్యోతి సిగ్గుతో మంచం కిందకి దూరబోతే ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పుట్టే పిల్లలకి ఏం పేర్లు పెట్టాలో మాట్లాడుకున్నారు. అత్తగార్ల గురించి మాట్లాడుకున్నారు.

చెబుతూ గురవమ్మ చేతిలో కాయని అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆమె ముఖం ఒక్కసారిగా పదేళ్లు చిన్నదయినట్టు కనిపించింది.

“నాకు అక్కచెల్లెళ్లు లేరమ్మా. ఆ పొద్దున నాలుగు గంటలు నాకు ఇద్దరు తోబుట్టువులున్నట్టు ఉంది.”

ఎనిమిదిన్నరకి డాక్టరు వార్డు చూసి వెళ్లాడు. తొమ్మిదీ యాభైకి నాగజ్యోతికి ఆడపిల్ల పుట్టింది. పట్టుకున్నది చాంద్‌బీయే. గాజులు గుచ్చుకోకుండా తన చేతి గాజులు తీసి గూట్లో పెట్టి, మణికట్టు నాగజ్యోతికి ఇచ్చి గట్టిగా పట్టుకోమంది. పిల్లని తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టారు. పదిన్నర అయ్యేసరికి మంచం కింద చుక్కలు పడటం మొదటగా చూసింది గురవమ్మే. అదే సమయానికి శ్యామలకి నొప్పులు ముమ్మరమయ్యాయి. ఆయా బయటికి వెళ్లింది, మళ్లీ కనిపించలేదు. ఒక్క నర్సు, రెండు మంచాలు. చాంద్‌బీ ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి, మధ్యలో వరండాలో ఫోను దగ్గరికి పరిగెత్తింది. నాలుగుసార్లు వెళ్లిందని గురవమ్మ లెక్కపెట్టింది. చివరికి చాంద్‌బీ ఆమెనే పిలిచి, నాగజ్యోతి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి ఎలా రుద్దుతూ ఉండాలో చూపించింది. నిన్నటి కుట్లతో గురవమ్మ మంచం దిగి, గంట సేపు నిలబడి రుద్దింది.

టైములు అంత కచ్చితంగా ఎలా గుర్తున్నాయని బాలసరస్వతి అడిగింది.

“పిల్లాడికి రెండు గంటలకోసారి పాలు పట్టమని చాంద్‌బీ గోడ గడియారం చూపించి చెప్పిందమ్మా. అందుకని దానికేసే చూస్తున్నా. ఎనిమిదింటికి పట్టా. పదింటికి పట్టా. పన్నెండింటికి పట్టలేదు. నా చేతుల నిండా రక్తం ఉంది.”

పన్నెండింటికి పత్తి జిన్నింగ్ మిల్లు కూత వేసింది. ఆ కూత ఆగేసరికి నాగజ్యోతి చెయ్యి చల్లబడింది. అంతకు ముందు ఆ అమ్మాయి అన్న చివరి మాట, పిల్ల మీద ఎండ పడుతోంది, కాస్త పక్కకి జరపమని. డాక్టరు ముకుందరావు వచ్చింది ఒంటిగంటకి ఇరవై నిమిషాల ముందు. పదికీ పన్నెండుకీ మధ్య ఆయన నీడ కూడా ఆ వార్డులో పడలేదు.

బాలసరస్వతి ఇదంతా రాసి, గురవమ్మ చేత సంతకం పెట్టించుకుంది.

పదకొండింటికి ఆమె సుమిత్రా నర్సింగ్ హోంలో ఉంది. ముందు కొత్త మూడంతస్తుల భవనం. వెనక పాత పెంకుటిల్లు. అందులోనే ఆనాటి పురిటి వార్డు. పాత భవనం చూడటానికి కోర్టు అనుమతి ఉంది. కానీ తాళంచెవి తెచ్చిన మనిషిని చూసి ఆమె ఆగిపోయింది.

శశిభూషణ్. 1998లో ఈ కేసు దర్యాప్తు చేసిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. నాలుగేళ్ల కిందట రిటైరయ్యి ఇప్పుడు ఈ ఆసుపత్రి యాజమాన్యానికి సలహాదారు. మనిషి ఇంకా నిటారుగానే ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరలేదు.

వాళ్లిద్దరిదీ పాత పరిచయం. 1979లో గుంటూరులో ఆఫీసులో ఉండగా బాలసరస్వతికి నెలలు నిండకుండానే నొప్పులొస్తే, అప్పటికి ఎస్సైగా ఉన్న శశిభూషణే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. గేటు దగ్గర స్ట్రెచర్ ఆలస్యమైతే వార్డుబాయ్ మీద విరుచుకుపడ్డాడు. అంతకు ఐదేళ్ల ముందు ఆయన భార్య గుంటూరులోనే ఒక ఆసుపత్రిలో పురిట్లో పోయిందని ఆమెకి తర్వాత ఎవరో చెప్పారు. మంచం ఖాళీలేక ఆ రాత్రంతా నేల మీద చాప వేసుకుని పడుకున్న బాలసరస్వతికి, పక్క చాప మీది ముక్కూముఖం తెలియని మనిషి తన చీర కొంగు కప్పింది. తర్వాత ఆమె ఎవరో, ఏ ఊరో తెలియలేదు. ఇరవయ్యారేళ్లయినా చలికాలం రాగానే ఆ కొంగు నేత వాసన గుర్తొస్తుంది.

“నీ కొడుకు బాగున్నాడా సరస్వతీ?” అన్నాడు శశిభూషణ్ తాళం తీస్తూ.

బాగున్నాడని చెప్పి ఆమె లోపలికి నడిచింది.

వార్డు ఇప్పుడు సామాన్ల గది. సెలైను డబ్బాల అట్టపెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. ఎర్ర గచ్చు మీద మూడు మంచాల కాళ్లు నిలిచిన చోట పన్నెండు తెల్లటి మచ్చలు మిగిలాయి. ఆమె ఒకటో మంచం మచ్చల మధ్య నిలబడింది. రెండో మంచం రెండడుగుల దూరంలో ఉండేది. ఎదురు గోడ మీద గడియారం మేకు అలాగే ఉంది. ఇక్కడ నుంచి గడియారం కనపడక తప్పదు. వార్డులోంచి డాక్టరు గదికి ఒక తలుపు. వార్డుకి బయట నుంచి వచ్చేందుకు వరండా వైపు ఒకే తలుపు.

గురవమ్మ చెప్పింది ఆమె క్లుప్తంగా చెబితే, శశిభూషణ్ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నిద్రలో ఉన్న గురవమ్మ డాక్టరుని చూడలేదంటే ఆయన లేడని అర్థం కాదట. డాక్టరు గదికి పెరటి వైపు వేరే తలుపు ఉందట. ఆ రోజు పదింటికి ఆయన పెరటి తలుపు గుండా వచ్చి, పేషెంటుని చూసి, తన గదిలో కూర్చున్నాడట. ఇదంతా 2000 జూలైలో తాను వేసిన చార్జిషీటులో, పటంతో సహా ఉందట.

బాలసరస్వతి డాక్టరు గదిలోకి వెళ్లింది. పెరటి తలుపు నిజంగానే ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. గది చుట్టూ గోడ అడుగున జానెడు ఎత్తున ఎర్ర గచ్చు పట్టీ ఉంది. మిగతా మూలలన్నిట్లో పట్టీ నున్నగా తిరిగింది. ఈ తలుపు దగ్గర మాత్రం రెండు వైపులా పళ్లూడినట్టు తెగి ఉంది. గోడా గచ్చూ అయిపోయిన తర్వాత ఎవరో ఉలితో కొట్టి ఈ తలుపు పెట్టారు. ఆమె తలుపు తీసి పెరట్లోకి దిగింది. మెట్టు మీద మట్టి పేరుకుని ఉంది. చీపురు పుల్లలతో గీకితే అక్షరాలు బయటపడ్డాయి. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు పుల్లతో గీసినవి. బుడే మేస్త్రి, 12-5-2000.

ఆమె కెమెరా తీసి మూడు ఫోటోలు తీసింది.

“మెట్టు తర్వాత వేసి ఉంటారు,” అన్నాడు శశిభూషణ్. “తలుపు అంతకు ముందే ఉండొచ్చు.”

“ఉండొచ్చు. బుడే మేస్త్రిని అడుగుతాను. గురవమ్మ వాంగ్మూలం మీద ఉన్న వేలిముద్ర ఎవరిదో మిమ్మల్ని కూడా కోర్టులో అడుగుతారు. ఆమెది మాత్రం కాదు.”

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత, నొప్పుల్లో ఉన్న ఆడదానికి పగలూ రాత్రీ తెలియదనీ, అలాంటి వాళ్ల లెక్కలతో ఒక పెద్ద డాక్టరు పరువు తియ్యాలనుకోవటం తెలివితక్కువనీ అన్నాడు. గొంతులో ఇప్పుడు పాత స్నేహం లేదు. చాంద్‌బీకి పడితే గిడితే రెండేళ్ల శిక్ష పడుతుంది, పై కోర్టులో అదీ పోతుంది, ఇంతదూరం తవ్వితే మాత్రం దెబ్బ తగిలేది ఎవరికో నీకు తెలియదు అన్నాడు.

“నొప్పుల్లో ఉన్న ఆడదానికి తెలిసినంత బాగా టైము ఇంకెవరికీ తెలియదు సార్. ఒక్కో నిమిషం దాటుకుంటూ వస్తుంది కాబట్టి.”

మూడో మంచం మనిషి శ్యామల హైదరాబాదులో ఉందనీ, ఆమె తండ్రి గురునాథం గారిని కలవటానికి వెళుతున్నాననీ బాలసరస్వతి చెప్పింది. చెప్పి ఉండాల్సింది కాదు. ఆ పేరు వినగానే శశిభూషణ్ చెయ్యి జేబులోని సెల్‌ఫోను మీదకి వెళ్లటం ఆమె గమనించింది.

గురునాథం గారు ఏదో పూజ చేయించటానికి పొరుగూరు వెళ్లి మూడింటికి గానీ రారని తెలిసింది. ఈలోగా ఆమె బుడే మేస్త్రిని వెతికి పట్టుకుంది. ఆయన తడుముకోలేదు. కొత్త భవనానికి పునాదులు తీస్తున్న వేసవిలో తలుపూ మెట్టూ ఒకేసారి తానే పెట్టానన్నాడు. రాసి ఇచ్చాడు.

మూడున్నరకి ఆమె గురునాథం గారి ఇంటి వసారాలో చెప్పులు విప్పుతుంటే లోపల నుంచి ఎవరో “సరస్వతి ఆంటీ” అన్నారు. ముప్పై ఏళ్ల యువతి నవ్వుతూ ఎదురొచ్చింది. రచన. శశిభూషణ్ కూతురు. గుంటూరు పోలీసు క్వార్టర్స్‌లో రెండు జడలతో తిరిగిన తల్లిలేని పిల్ల. ఇప్పుడు ఇంకొల్లులో తండ్రి దగ్గరే ఉంటూ బడిలో టీచరుగా చేస్తోంది. తన బాబు జాతకం మళ్లీ రాయించాలనీ, గురునాథం గారి దగ్గరున్న పాత పంచాంగం ఇప్పించుకుని రమ్మనీ నాన్న మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పారని, అందుకే వచ్చానని అంది. గురునాథం తాతగారు అటక మీద వెతుకుతున్నారంది.

బాలసరస్వతికి అర్థమైంది. తానే వస్తే అనుమానం వస్తుందని ఆయన కూతుర్ని పంపాడు. ఎందుకు పంపాడో ఆ పిల్లకి చెప్పలేదు.

గురునాథం గారు డెబ్భై దాటిన మనిషి. భుజాన దుమ్ముతో, చేతిలో నాలుగు పంచాంగాలతో వచ్చి కూర్చున్నారు. ఆ గురువారం గురించి అడగగానే ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. ఆ రోజు పది గంటల నుంచి ఒంటిగంట దాకా వార్డు తలుపు ఎదురుగా బల్ల మీద చేతిగడియారం పట్టుకుని కూర్చున్నానన్నారు. మనవరాలు పుట్టిన ఘడియ తప్పకూడదని. బిడ్డ ఏడుపు వినిపించగానే గడియారం చూసుకున్నారు. తలుపు తీసి ఆడపిల్ల అని చెప్పింది చాంద్‌బీ. డాక్టరు గారి నోట కూడా ఒక మాట విని సమయం రూఢి చేసుకుందామని అక్కడే ఉన్నారు. ఆయన ఒంటిగంట కావస్తుండగా జీపులో దిగాడు. ఇదంతా ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదు. మూడోరోజే శ్యామలని ఇంటికి తీసుకొచ్చేశారు. నర్సు మీద కేసు నడుస్తోందని విన్నారు గానీ, డాక్టరు తాను ఆసుపత్రిలోనే ఉన్నానన్నాడని ఆయనకి ఈ క్షణం దాకా తెలియదు.

ఆయన పంచాంగం తెరిచారు. బహుధాన్య నామ సంవత్సరం, కార్తీక బహుళ నవమి, గురువారం. అంచున సన్నటి అక్షరాలు. పదకొండు ఇరవై రెండు, స్త్రీ శిశువు, చి. శ్యామల, నర్సు చాంద్‌బీ చెప్పగా.

దాని కిందే ఇంకో వరుస ఉంది. పక్కన గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ. సూది తుప్పు కాగితానికి అంటింది.

“అది మా వాడిది, అప్పట్లో జాతకం రాయించటానికి ఇచ్చాం,” అంది రచన వంగి చూస్తూ. సంతోషంగా నవ్వింది. “నవంబరు పన్నెండే. మా వాడూ శ్యామల గారి పాపా ఒకేరోజు పుట్టారని తాతగారు ఇందాకే చెప్పారు.”

బాలసరస్వతి ఆ చీటీ చదివింది. సుమిత్రా నర్సింగ్ హోం మందుల చీటీ. మగ శిశువు, పదకొండు గంటల అయిదు నిమిషాలు, ఇంకొల్లు. కింద డాక్టరు ముకుందరావు సంతకం, తేదీ.

ఆమెకి కావలసింది దొరికింది. అక్కడితో ఆపెయ్యొచ్చు. ఎదురుగా కూర్చున్న పిల్ల తన పురుడు గురించి చెప్పటానికి ఉత్సాహపడుతోంది. ఒక్కమాట హెచ్చరిక చేస్తే ఆగిపోతుంది. బాలసరస్వతి ఆ మాట అనలేదు. అనకపోవటం తప్పని తెలిసీ, పురుడు ఇంట్లోనే జరిగిందా అని అడిగింది.

రచన చెప్పింది. అమ్మ ఆసుపత్రిలో పోయింది కాబట్టి నాన్నకి ఆసుపత్రి అంటేనే భయం. తొమ్మిదింటికి నొప్పులు మొదలవగానే ఆయనే జీపు వేసుకుని వెళ్లి డాక్టరు గారిని ఎక్కించుకుని వచ్చారు. హాల్లోనే మంచం వేశారు. డాక్టరు గారు పక్కనే కుర్చీలో కూర్చుని, మధ్యలో కాఫీ కూడా తాగారు. పక్కింటి చాంతమ్మ గారు నడుం రాస్తూ పాత పాటలు పాడారు. నాన్న లోపలికి రాలేక, బయట ఉండలేక, గుమ్మంలో గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తను అరిచినప్పుడల్లా ఆయన భుజాలు అదిరేవి.

“నాన్న ఏడవటం నేను చూసింది ఆ ఒక్కరోజే ఆంటీ. బాబుని చేతిలో పెడితే ముఖం చూడకుండా నా చెయ్యి పట్టుకుని, నువ్వున్నావు కదమ్మా, నువ్వున్నావు కదా అని అదే మాట. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కడుపు నిండిపోతుంది. ఒక్క ఆ ఫోనే విసిగించింది. తల దగ్గరే ఉండేది. ఇంక పిల్లాడు వచ్చేస్తున్నాడనగా మోగింది. పుట్టాక, మాయ ఇంకా పడకముందే మళ్లీ మోగింది. రెండుసార్లూ నాన్నే ఎత్తారు. రాంగ్ నంబరు అని పెట్టేశారు.”

చాంద్‌బీ వాంగ్మూలం బాలసరస్వతికి అక్షరం అక్షరం గుర్తుంది. డాక్టరు ఇంటికి రెండుసార్లు. డాక్టరు భార్య ఇచ్చిన ఇంకో నంబరుకి రెండుసార్లు. అక్కడ ఎవరో మగమనిషి రాంగ్ నంబరన్నాడు. ఆ నంబరు రాసుకున్న కాగితం తర్వాత ఆమెకి దొరకలేదు.

ఇంకొల్లు నుంచి పర్చూరుకి జీపులో పాతిక నిమిషాలు.

“ఏమయింది ఆంటీ?” అంది రచన.

చెప్పక తప్పలేదు. బాలసరస్వతి ఒక్కో మాటా నెమ్మదిగా, ఏదీ కలపకుండా, ఏదీ దాచకుండా చెప్పింది. అదే రోజు, అదే గంటలో, రెండో మంచం మీద నాగజ్యోతి. ఆమె కడుపు రుద్దిన గురవమ్మ. నాలుగు ఫోన్లు. పన్నెండింటి కూత. రచన ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. పంచాంగంలో ఆ రెండు వరుసల మీద వేలు పెట్టి, పైదీ కిందదీ, మళ్లీ మళ్లీ చదువుతూ ఉండిపోయింది.

వీధిలో కారు ఆగింది. కూతురు ఆలస్యం చేస్తుంటే ఓపిక పట్టలేక శశిభూషణ్ తనే వచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టి, బాలసరస్వతిని చూసి, తర్వాత పంచాంగాన్ని చూసి, ఒక చెయ్యి చాచాడు.

“ఇటు ఇవ్వమ్మా.”

రచన ఇవ్వలేదు. తల ఎత్తి తండ్రిని చూసింది.

“ఆ రోజు ఫోన్ చేసింది ఎవరు నాన్నా?”

ఆయన చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. అబద్ధం చెబుతాడని బాలసరస్వతి అనుకుంది. ముప్పై ఏళ్లకు పైగా ఎదుటివాళ్ల అబద్ధాలు పట్టుకున్న మనిషి, తనదొకటి చెప్పటానికి చాలాసేపు వెతుక్కున్నాడు. దొరకలేదు. బల్ల మీద కూర్చున్నాడు.

“నర్సు,” అన్నాడు. “రక్తం ఆగటం లేదు, డాక్టరు గారిని పంపమంది. నీకింకా కాన్పు కాలేదు. రెండోసారి చేసినప్పుడు నీ ఒళ్లు వణుకుతోంది. పంపలేకపోయాను.” తలెత్తి కూతురిని చూశాడు. “మీ అమ్మ పోయినప్పుడు డాక్టరు పక్క గదిలోనే ఉన్నాడమ్మా. వేరే మనిషిని చూస్తున్నాడు.”

గురునాథం గారు చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నారు. డాక్టరు పరువు, తన ఉద్యోగం, తర్వాత వేలిముద్ర, పెరటి తలుపు, ఒకదాని వెనక ఒకటి ఎలా వచ్చాయో శశిభూషణ్ చెప్పబోయాడు. రచన వినటం లేదు. బాలసరస్వతి వైపు తిరిగింది.

“ఆ అమ్మాయి కూతురికి ఇప్పుడు ఎన్నేళ్లు?”

“మీ వాడి వయసే. వాడికంటే గంటంబావు పెద్దది. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది.”

రచన పంచాంగం మూసింది. చీటీ ఊడిపోకుండా పైట చెంగుతో చుట్టింది. తండ్రి లేచి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక నిలబడిపోయాడు. ఇది కోర్టుకి వెళితే ఆయన జైలుకి వెళతాడు. ఆ సంగతి ఆ వసారాలో ఉన్న నలుగురికీ తెలుసు.

“సోమవారం కోర్టు ఎన్నింటికి ఆంటీ?” అంది రచన.